ఒకే లాట్‌లో ఆల్నికో ముక్కలు కొన్ని పాస్, కొన్ని ఫెయిల్. తప్పు ఫర్నేసుదా, మెటల్‌దా?

అంబత్తూరు కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు దగ్గర పల్లె. నాలుగేళ్లుగా చెన్నైలో, అంబత్తూరు ఎస్టేట్‌లో ఒక చిన్న యూనిట్‌లో హీట్ ట్రీట్‌మెంట్ చూసుకుంటున్నాను. చదివింది మెకానికల్ డిప్లొమా, మెటలర్జీ అంతా ఫర్నేసు ముందు నిలబడి నేర్చుకున్నదే, కాబట్టి ఏదైనా తప్పుగా రాస్తే తిట్టకుండా సరిదిద్దండి.

మాది ప్రధానంగా స్టీలు పని. గేర్లు, పిన్నులు, షాఫ్ట్‌లు. రెండేళ్ల కిందట మా ఓనరు ఆల్నికో 5 (ఇనుము, అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపిన మిశ్రమం) మాగ్నెట్ల పని కూడా పట్టుకొచ్చారు. క్యాస్టింగులు బయట ఫౌండ్రీ నుంచి వస్తాయి, మేము వేడిచేసి, ఫీల్డ్‌లో (అయస్కాంత క్షేత్రంలో) చల్లార్చి, టెంపర్ చేసి (మళ్లీ తక్కువ వేడిలో ఉంచి), గ్రైండింగ్‌కి పంపిస్తాం. ఇన్నాళ్లూ 10 ఎంఎం కడ్డీలే కాబట్టి ఏ గొడవా లేదు. ఇప్పుడు 30 ఎంఎం మందం ముక్కల ఆర్డర్ వచ్చింది, కస్టమర్ కోర్సివిటీ (ఎదురు ఫీల్డ్‌ని మాగ్నెట్ ఎంతవరకు తట్టుకుంటుందో ఆ కొలత) కనీసం 600 ఆర్‌స్టెడ్ కావాలంటున్నాడు. మొదటి లాట్‌లో పన్నెండు ముక్కలు వేస్తే ఏడు 610 నుంచి 640 మధ్య వచ్చాయి, మిగతా అయిదు 470, 500, 520 ఇలా. రిమనెన్స్ (ఫీల్డ్ తీసేశాక మిగిలే అయస్కాంతత్వం) కూడా ఆ అయిదింటిలో కొద్దిగా తక్కువే.

మేము చేసేది ఇదీ: 1250 డిగ్రీల దగ్గర అరగంట సోక్ (అదే వేడిలో ఉంచడం), బయటికి తీసి కాయిల్ మధ్యలో పెట్టి ఫీల్డ్ ఆన్ చేసి ఫ్యాన్ గాలి, 500కి దిగాక తీసేస్తాం. తర్వాత 600 దగ్గర రెండు గంటలు టెంపరింగ్. అంతే.

ఓనరు ఫౌండ్రీని తిడుతున్నారు, ఫౌండ్రీ వాళ్లు మా ఫర్నేసుని తిడుతున్నారు, మా ఫోర్‌మన్ ఏమో కత్తిరి ఎండలు కదా, షెడ్‌లో 42 డిగ్రీలుంటే గాలి చల్లార్చదు అంటున్నాడు. నాకైతే మధ్యలో నిద్ర పట్టడం లేదు.

ఇంకో ప్రశ్న కూడా ఉంది. చైనా రేర్ ఎర్త్‌లు (బలమైన మాగ్నెట్లలో వేసే లోహాలు) ఆపేసింది కదా, ఈ ఆల్నికోనే బాగా చేయడం నేర్చుకుంటే ఈవీ మోటార్ల ఆర్డర్లు మనకే వస్తాయని మా ఓనరు కలలు కంటున్నారు. నిజంగా అవుతుందా?

పీణ్యా బాబాయ్:

తమ్ముడూ, మంచి ప్రశ్న, వివరాలు కూడా బాగా ఇచ్చావు. నేను బెంగళూరు పీణ్యాలో ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని చేశాను, ఇప్పుడు రిటైరై ఇంట్లో మనవడికి గాలిపటాలు కడుతున్నాను.

ముందు మీ ఫోర్‌మన్‌ని ఎండ సంగతి వదిలేయమను. ముక్క 900 డిగ్రీల దగ్గరున్నప్పుడు గాలి 30 అయితే ఏంటి, 42 అయితే ఏంటి? ఆ వేడిలో సగానికి పైగా రేడియేషన్‌గానే పోతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఆల్నికోలో మాగ్నెట్‌ని తయారుచేసేది ఫౌండ్రీ కాదు, మీ ఫర్నేసే. పోత పోసి అలాగే వదిలేస్తే అది దాదాపు పనికిరాని లోహపు ముద్ద. 1250 దగ్గర ఇనుము, కోబాల్ట్, నికెల్, అల్యూమినియం అన్నీ కలిసిపోయి ఒకటే ఫేజ్‌గా, అంటే అంతటా ఒకే రకం నిర్మాణంగా ఉంటాయి. కిందికి దిగేటప్పుడు, సుమారు 850 చుట్టుపక్కల, అది రెండుగా విడిపోతుంది. ఒకటి ఇనుము-కోబాల్ట్ ఎక్కువ ఉన్నది, ఆల్ఫా-1 అంటారు, అదే అసలు అయస్కాంతం. రెండోది నికెల్-అల్యూమినియం ఎక్కువ ఉన్న ఆల్ఫా-2, దానిలో అయస్కాంతత్వం చాలా తక్కువ. విడిపోయే ఆ క్షణాల్లో ఫీల్డ్ ఉంటే ఆల్ఫా-1 సన్నటి పుల్లల్లాగా ఫీల్డ్ వైపే సాగి పెరుగుతుంది. కొన్ని పదుల నానోమీటర్ల మందం, దానికి కొన్ని రెట్లు పొడవు. మీ కోర్సివిటీ అంతా ఆ పుల్లల ఆకారం నుంచే వస్తుంది. పుల్లలు లావైనా, పొట్టివైనా, అడ్డదిడ్డంగా పెరిగినా అంతే సంగతులు.

ఇక్కడ మందపు ముక్కకి రెండు గండాలున్నాయి. మొదటిది 1200 నుంచి 900 దాకా. ఇక్కడ నిదానంగా దిగితే గామా అనే ఫేజ్ గ్రెయిన్ల (లోహంలోని చిన్న స్ఫటికాల) అంచుల్లో పుడుతుంది, అది పుట్టిన చోట మాగ్నెట్ లేనట్టే. కాబట్టి అక్కడ గబగబా దాటించాలి. రెండోది 900 నుంచి 700 దాకా, ఇక్కడ ఆల్నికో 5కి సెకనుకి ఒకటి రెండు డిగ్రీల చొప్పున దిగితే పుల్లలు సరైన సైజులో వస్తాయి. మరీ నెమ్మదైతే లావెక్కిపోతాయి, మరీ వేగమైతే సాగడానికి టైము చాలదు, రెండు రకాలుగానూ కోర్సివిటీ పడిపోతుంది. అంటే కాసేపు పరుగు, తర్వాత నడక. అలాగని నూనెలో ముంచి చూద్దామనుకునేవు, ఆల్నికో పెళుసు, నీ చేతిలోనే పగులుతుంది.

ఏడు బాగుండి అయిదు చెడ్డాయి అన్నావు కదా. ఏ అయిదు? కాయిల్‌లో అవి ఎక్కడున్నాయి? పన్నెండింటినీ ఎలా పేర్చావు? ముందు దీనికి జవాబు చెప్పు, ఫౌండ్రీ సంగతి తర్వాత చూద్దాం.

గిండీ స్టీలు మనిషి:

మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. నాదీ హీట్ ట్రీట్‌మెంటే కానీ స్టీలు తప్ప ఇంకోటి ముట్టుకోలేదు. కుర్రాడు 600లో రెండు గంటలు టెంపర్ చేస్తున్నాడు, అది ఎక్కువైందేమో? స్టీలులో హార్డెనింగ్ అయ్యాక టెంపరింగ్ టెంపరేచర్ పెంచేకొద్దీ గట్టిదనం తగ్గుతుంది కదా, మాగ్నెట్‌లో కూడా కోర్సివిటీ అలాగే తగ్గదా? 400కి దించి చూడమని నా సలహా.

పీణ్యా బాబాయ్:

స్టీలు అన్నా, మీరు అనుభవం మీదే అన్నారు, కానీ ఇక్కడ వ్యవహారం పూర్తిగా తిరగబడి ఉంటుంది. స్టీలు నుంచి వచ్చిన ప్రతివాడూ మొదటి ఏడాది ఇదే గోతిలో పడతాడు, నేనూ పడ్డాను, మా యూనిట్‌లో ఒక లాట్ మొత్తం 400లో టెంపర్ చేసి, ఏమీ మారలేదేంటని రెండు రోజులు మీటర్‌ని అనుమానించాను.

ఆల్నికోలో టెంపరింగ్ కోర్సివిటీని పెంచుతుంది. ఫీల్డ్‌లో చల్లార్చినప్పుడు పుల్లల ఆకారం మాత్రమే ఏర్పడుతుంది, కూర్పు ఇంకా సగం సగంగానే ఉంటుంది, ఆల్ఫా-2లో కూడా బోలెడంత ఇనుము మిగిలి ఉంటుంది. 600 చుట్టుపక్కల గంటల తరబడి ఉంచితే ఇనుము, కోబాల్ట్ పుల్లల్లోకి పోతాయి, నికెల్, అల్యూమినియం బయటికి వస్తాయి. ఆకారం మారదు, లోపలా బయటా తేడా మాత్రం పెరుగుతుంది. ఆ తేడా పెరిగేకొద్దీ కోర్సివిటీ పెరుగుతుంది. 400లో ఆ అణువులు కదలవు, కాబట్టి ఏళ్లు ఉంచినా దండగే. దిశ అప్పటికే పడిపోయి ఉంటుంది కాబట్టి టెంపరింగ్‌లో ఫీల్డ్ అక్కర్లేదు.

తమ్ముడూ, నీది నిజానికి తక్కువైంది. 600లో రెండు గంటలు చేసి ఆపేయకుండా, తర్వాత 550కి దించి రాత్రంతా వదిలెయ్యి. కింది మెట్టులో తేడా ఇంకా పెరుగుతుంది, మొదటే 550లో పెడితే పని చాలా నెమ్మది. అందుకే మెట్లు. దీనితో అన్ని ముక్కలూ కాస్త పైకి లేస్తాయి, కానీ 470 ఉన్నది 620 అవ్వదు. దాని రోగం వేరే.

అంబత్తూరు కుర్రాడు:

బాబాయ్, మీరు ఎలా పేర్చావు అని అడిగారు కదా, అది రాయాలంటే నాకే సిగ్గుగా ఉంది. చిన్న కడ్డీలకి మా దగ్గర స్టెయిన్‌లెస్ ట్రే ఉంది, వాటిని ఎడంగా నిలబెట్టేవాళ్లం. ఈ 30 ఎంఎం ముక్కలకి ట్రే సరిపోలేదని కొత్తది చేయించాం, కాయిల్‌లో పట్టేట్టు మూడు వరుసలు, వరుసకి నాలుగు, ఒకదానికొకటి దాదాపు ఆనుకునే ఉంటాయి. ఒక్కసారికి ఎక్కువ వేస్తే కరెంటు కలిసొస్తుందని.

ఏ ముక్క ఎక్కడుందో రాసుకోలేదు. కానీ మధ్య వరుసలో ఉన్నవి, బయటి వరుసలవి నల్లబడ్డాక కూడా ఎర్రగా మెరుస్తున్నాయని మా కుర్రాడొకడు అప్పుడే అన్నాడు, నేను పట్టించుకోలేదు.

థర్మోకపుల్ (ఫర్నేసు వేడి కొలిచే తీగ) గురించి కూడా చెప్పాలి. మాది కె టైపు, ఫర్నేసు గోడ దగ్గర ఉంటుంది.

పీణ్యా బాబాయ్:

ఆ కుర్రాడికి టీ ఇప్పించు. దొంగని వాడే పట్టుకున్నాడు.

మధ్యలో ఉన్న ముక్క చుట్టూ ఎర్రగా కాలిన అన్నదమ్ములే ఉంటే దాని వేడి ఎక్కడికి పోతుంది? అది పంపిన వేడిని పక్కది తిరిగి పంపిస్తుంది. బయటి వరుసవి పరుగెత్తాల్సిన చోట పరుగెత్తాయి, మధ్యవి రెండు గండాల్లోనూ ఇరుక్కున్నాయి. నా అంచనా ఇది, కానీ అంచనా మీద లాట్ నడపకూడదు కాబట్టి ఒక పని చెయ్యి. చెడ్డ అయిదింటినీ పారెయ్యకు. ఆల్నికోలో ఉన్న సుఖం ఏంటంటే మళ్లీ 1250కి తీసుకెళ్తే పాత కథంతా చెరిగిపోయి కొత్త పలక అయిపోతుంది. ఆ అయిదింటినీ ఒక్కొక్కటిగా, ఎడంగా, మొదటి నుంచి చెయ్యి. కోర్సివిటీ లేస్తే తప్పు మీ ట్రేది. లేవకపోతే మెటల్‌ది, అప్పుడు ఫౌండ్రీతో మాట్లాడొచ్చు. స్థానాలు ఈసారైనా కాగితం మీద బొమ్మ గీసి రాసుకో. ముక్క మీద చాక్‌పీసు గుర్తు 1250లో మిగలదు, పంచ్ కొడితే అంచు ఊడుతుంది.

కె టైపుని 1250 దగ్గర రోజూ వాడితే అది నెమ్మదిగా అబద్ధాలు నేర్చుకుంటుంది. ఎస్ లేదా ఆర్ టైపు ఖరీదే, ప్లాటినం కదా, కానీ ఒక్కటైనా పెట్టి పోల్చి చూడు. అది కూడా గోడ దగ్గర కాకుండా ముక్కల పక్కన.

మెటల్ సంగతి వస్తే నేను ముందు అడిగేది కార్బన్. ఆల్నికోకి కార్బన్ విషం, గామాని అది నిలబెడుతుంది. ఎంత తక్కువుంటే అంత మంచిది, మేము 0.03 శాతం దాటితే ముట్టుకునేవాళ్లం కాదు. ఫౌండ్రీ వాళ్లు స్వచ్ఛమైన ఇనుము బదులు చవగ్గా ఎంఎస్ (మైల్డ్ స్టీలు) స్క్రాప్ వేస్తే అది పైకి కనపడదు, మీ దగ్గరికి వచ్చాకే బయటపడుతుంది.

తరమణి పీహెచ్‌డీ:

ఈ థ్రెడ్ చదువుతుంటే మా ల్యాబ్‌లో నా మొదటి రెండేళ్లు గుర్తొచ్చి నవ్వొచ్చింది. నేను రేర్ ఎర్త్ లేని మాగ్నెట్ల మీదే పని చేస్తున్నాను, మాంగనీస్-అల్యూమినియం. బాబాయ్‌గారు కార్బన్ విషం అన్నారు కదా, నా మెటీరియల్‌లో అదే అమృతం!

ఇక్కడ అసలు మాగ్నెట్ ఫేజ్‌ని టౌ అంటారు. అది నిలకడ లేనిది, అంటే ప్రకృతి దాన్ని ఉండనివ్వదు, మనమే వేడితో మోసం చేసి పట్టుకోవాలి. 1100 దగ్గర ఎప్సిలాన్ ఫేజ్ చేసి, నీళ్లలో క్వెంచ్ చేసి (ఒక్కసారిగా చల్లార్చి) అలాగే గడ్డకట్టించి, మళ్లీ 500 చుట్టుపక్కల వేడిచేస్తే టౌ పుడుతుంది. కాస్త ఎక్కువసేపు ఉంచామా, బీటా-మాంగనీసూ గామా-2 అనే ఇంకో ఫేజూ కింద విడిపోతుంది, రెండూ మాగ్నెట్‌కి పనికిరావు. కొంచెం కార్బన్ కలిపితే టౌ ఇంకాస్త ఓపిక పడుతుంది. మొదట్లో ఒకసారి ఫోన్ మాట్లాడుతూ శాంపిల్ బయటికి తీయడం ఆలస్యం చేశాను, ఆరు వారాల పని పోయింది.

కుర్రాడి రెండో ప్రశ్నకి వస్తాను, ఎవరూ ముట్టుకోలేదు. చైనా 2025 ఏప్రిల్‌లో పూర్తిగా ఆపలేదు. సమేరియం, డిస్‌ప్రోసియం, టెర్బియం లాంటి ఏడు రకాలకీ, వాటితో చేసిన మాగ్నెట్లకీ లైసెన్స్ పెట్టింది. దాంతో మన ఆటో కంపెనీలకి టెన్షన్ మొదలైన మాట నిజం. కానీ ఆల్నికో 5 వాటి స్థానంలోకి రాదండీ. ఈవీ మోటార్లలో వాడే మంచి నియోడైమియం (ఇదీ రేర్ ఎర్తే) మాగ్నెట్ శక్తి 50 మెగా గాస్ ఆర్‌స్టెడ్‌ల దాకా పోతుంది, ఆల్నికో 5ది 5.5 చుట్టూ. దానికన్నా పెద్ద అడ్డంకి కోర్సివిటీ. మీరు 600 కోసం చొక్కా చింపుకుంటున్నారు, నియోడైమియంలో అది పది వేలకి పైన. మోటార్‌లో స్టేటర్ (తిరగకుండా ఉండే కాయిల్ భాగం) నుంచి ఎదురు ఫీల్డ్ వచ్చినప్పుడు ఆల్నికో అక్కడికక్కడే డీమాగ్నెటైజ్ అయిపోతుంది. పైగా ఆల్నికో 5లో దాదాపు పావు వంతు కోబాల్ట్, ప్రపంచంలో కోబాల్ట్ సగానికి పైగా కాంగో నుంచే వస్తుంది, అంటే ఒక తలనొప్పి పోయి ఇంకోటి.

ఆల్నికో గెలిచే చోటు వేరే. నియోడైమియం 150, 200 డిగ్రీల దగ్గర చేతులెత్తేస్తే ఇది 500 దాకా పని చేస్తుంది, టెంపరేచర్‌తో బలం మారడం కూడా చాలా తక్కువ. అందుకే సెన్సర్లు, మీటర్లు, వేడి చోట్ల ఇంకా బతికే ఉంది. మీ ఓనరుగారిని అటు చూడమనండి.

మిగతావాటిలో నాకు ఆసక్తిగా ఉన్నవి రెండు. మాంగనీస్-బిస్మత్ తమాషా ఏంటంటే, వేడెక్కేకొద్దీ దాని కోర్సివిటీ తగ్గకుండా పెరుగుతుంది, 250 డిగ్రీల దాకా. కానీ తయారీ నరకం, బిస్మత్ 271కే కరిగిపోతుంది, 355 దాటితే మాగ్నెట్ ఫేజే చెడిపోతుంది, కాబట్టి 300 దగ్గర ఓపిగ్గా కూర్చోవాలి. రెండోది టెట్రాటీనైట్, సగం ఇనుము సగం నికెల్, అణువులు పొరలు పొరలుగా సర్దుకుని ఉంటాయి. ఆ సర్దుబాటు 320 డిగ్రీల కిందే సాధ్యం, అక్కడ అణువులు కదలడమే మానేస్తాయి. ఉల్కల్లో అది దొరకడానికి కారణం అవి అంతరిక్షంలో లక్షల ఏళ్ల తరబడి చల్లారడమే. మా గైడ్‌కి ఒకసారి ఈ మాట చెప్పి థీసిస్‌కి ఎక్స్‌టెన్షన్ అడిగాను, ఆయన నవ్వలేదు.

గిండీ స్టీలు మనిషి:

అంటే ఒకచోట పరుగు, ఒకచోట నడక, ఒకచోట లక్షల ఏళ్లు. మా స్టీలే నయం, నూనెలో వేస్తే అయిపోతుంది. ఒక సందేహం, చల్లార్చేటప్పుడు ఫీల్డ్ లేకపోతే ఏమవుతుంది? పుల్లలు రావా?

పీణ్యా బాబాయ్:

వస్తాయి అన్నా, కానీ ఒక్క దిక్కున రావు, లోపలి క్రిస్టల్ దిశల ప్రకారం మూడు వైపులా పంచుకుని పెరుగుతాయి. కోర్సివిటీ ఎంతో కొంత ఉంటుంది, ఎనర్జీ మాత్రం బాగా పడిపోతుంది. 1931లో జపాన్‌లో మిషిమా కనిపెట్టిన మొదటి మిశ్రమం ఇనుము, నికెల్, అల్యూమినియంతోనే, ఫీల్డ్ లేకుండానే. ఫీల్డ్ పనిచేయాలంటే ముక్క లోపల ఫేజ్‌లు రెండుగా విడిపోయే టెంపరేచర్ దగ్గర అది అప్పటికే అయస్కాంతంగా ఉండాలి, అంటే క్యూరీ టెంపరేచర్ (అది దాటితే అయస్కాంతత్వం పోతుంది) దానికన్నా పైనుండాలి. కోబాల్ట్ చేసే మేలు అదే, క్యూరీని పైకి లాగుతుంది. కోబాల్ట్ తక్కువున్న గ్రేడుల్లో ఎంత ఫీల్డ్ పెట్టినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

టైటానియం కలిపిన ఆల్నికో 8 సంగతి ఇంకోలా ఉంటుంది. దానిలో అంతా నిదానం, అందుకే 800 చిల్లర దగ్గర ఫీల్డ్‌లోనే పది నిమిషాలు నిలబెట్టేస్తారు. కోర్సివిటీ 1500 పైన వస్తుంది, తరమణి అమ్మాయి నియోడైమియంకి చెప్పిన పది వేలు మాత్రం రావు.

అంబత్తూరు కుర్రాడు:

పది రోజులకి వచ్చాను, ఆలస్యానికి క్షమించండి, మధ్యలో ఈబీ వాళ్లు రెండు రోజులు కరెంటు తీసేశారు.

బాబాయ్ చెప్పినట్టే అయిదు ముక్కల్నీ ఒక్కొక్కటిగా చేశాం. ఫర్నేసులో ఎస్ టైపు ఒకటి అరువు తెచ్చి ముక్క పక్కన పెట్టి చూస్తే మా మీటర్ 1250 అన్నప్పుడు అది 1218 చూపించింది, అది సరిచేశాం. 600లో రెండు గంటలు, 550లో రాత్రంతా. అయిదులో మూడు 630, 635, 645కి వచ్చాయి! మా ఓనరు మొహం చూడాలి మీరు. ట్రే కోయించేశాం, ఇప్పుడు ఒకసారికి నాలుగే, మధ్యలో రెండు వేళ్లు దూరేంత ఖాళీ. కరెంటు బిల్లు గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

మిగిలిన రెండు మాత్రం 540 దగ్గరే ఆగిపోయాయి, రెండోసారి చేసినా అంతే. ఆ రెండింటి మీదా వేరే మెల్ట్ నంబరు ఉంది, పన్నెండింటిలో అవి రెండే. ఆ మెల్ట్ నుంచి ఒక ముక్క విరగ్గొట్టి ల్యాబ్‌కి పంపితే కార్బన్ 0.08 అని వచ్చింది. ఫౌండ్రీకి ఫోన్ చేస్తే ముందు గట్టిగా అరిచారు, రిపోర్ట్ వాట్సాప్ చేశాక రేపు మాట్లాడదాం అన్నారు.

ఈ రెంటినీ ఏం చేయమంటారు? ఇంకోసారి 1250 వెయ్యనా?

పీణ్యా బాబాయ్:

వద్దు. కార్బన్ ఫర్నేసులో ఆవిరైపోదు, మూడోసారి వేసినా 540యే. ఫౌండ్రీకి తిరిగి పంపెయ్యి, ఆ మెల్ట్ నంబరుతో మీ షెడ్‌లో ఇంకా ముక్కలుంటే వేడి చేయకముందే పక్కకి పెట్టించు. చార్జ్‌లో ఇనుము ఎక్కడినుంచి తెచ్చారో రేపటి ఫోన్‌లో అడుగు, మెల్ట్‌కి ఒక టెస్ట్ ముక్క ముందే పంపమని కూడా చెప్పు.

టీ ఇప్పించావా లేదా ఆ కుర్రాడికి?

అంబత్తూరు కుర్రాడు:

టీ, బజ్జీ కూడా బాబాయ్. ఇక నుంచి కాయిల్ దగ్గర బొమ్మ గీసి రాసే పని వాడికే ఇచ్చాం.